అమెరికా రొటేషన్‌కు డబ్బు కట్టే ముందు: గుర్తింపు ఎవరిది, దేనికి?

ఎంబీబీఎస్ ఆఖరి ఏడాదిలోనో హౌస్‌సర్జన్సీలోనో ఉంటూ, ఒకవైపు అమెరికా వైద్య లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈకి చదువుకుంటూ, అమెరికా ఆసుపత్రిలో ఒకటి రెండు నెలలు క్లినికల్ రొటేషన్ (రోగుల దగ్గర పని నేర్చుకునే శిక్షణ) చేసి రావాలనుకునే జూనియర్లు మా కాలేజీ నుంచి నాకు తరచుగా ఫోన్ చేస్తుంటారు. కోస్తా ఆంధ్రలోని ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో చదివి, అదే దారిలో వచ్చి, ఇప్పుడు అమెరికాలో ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ (డిగ్రీ తరువాతి స్పెషాలిటీ శిక్షణ) చేస్తున్నాను కనుక వారి ఆత్రుత నాకు బాగా తెలుసు. "అక్కా, ఫలానా ఏజెన్సీ వాళ్లు అక్రిడిటెడ్ (గుర్తింపు ఉన్న) రొటేషన్ అంటున్నారు, ఈ వారంలోనే అడ్వాన్స్ కట్టమంటున్నారు, కట్టెయ్యమంటావా?" అని ఎక్కువమంది అడుగుతారు. ఐదు నిమిషాల ఫోన్‌కాల్‌లో తేలే విషయం కాదు కనుక, నాకు తెలిసినంతవరకు వివరంగా ఇక్కడ రాస్తున్నాను. నా దృష్టిలో ఫీజు ఎంత, ఊరు ఏది అన్నవి తరువాతి సంగతులు. ఆ గుర్తింపు ఏ సంస్థ ఇచ్చింది, దేనికి ఇచ్చింది అన్న రెండూ కాగితం మీద తేలేవరకు ఒక్క డాలరు కూడా పంపకూడదు.

అమెరికా వైద్యరంగంలో గుర్తింపు ఇచ్చే సంస్థలు చాలా ఉన్నాయి. ఎండీ డిగ్రీ ఇచ్చే మెడికల్ స్కూళ్లను ఎల్‌సీఎంఈ గుర్తిస్తుంది. డీఓ డిగ్రీ ఇచ్చే ఆస్టియోపతిక్ స్కూళ్లను కోకా అనే సంస్థ గుర్తిస్తుంది. డిగ్రీ తరువాత చేసే రెసిడెన్సీ, ఫెలోషిప్ ప్రోగ్రాములను గుర్తించేది ఏసీజీఎంఈ. 2020 నాటికి ఆస్టియోపతిక్ రెసిడెన్సీలు కూడా దాని కిందికే వచ్చాయి. వీటికి తోడు, ఆసుపత్రి నిర్వహణనూ రోగుల భద్రతా ప్రమాణాలనూ తనిఖీ చేసి గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ ఒకటి ఉంది. డబ్బు తీసుకుని రొటేషన్లు ఏర్పాటు చేసే ఏజెన్సీల కరపత్రాల్లో కనిపించే "అక్రిడిటెడ్ హాస్పిటల్" అన్న మాట చాలాసార్లు ఈ జాయింట్ కమిషన్ గుర్తింపును చూపించేదే. ఆ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో రెసిడెన్సీ ప్రోగ్రాము ఒక్కటీ లేకపోవచ్చు, విద్యార్థి అన్నవాడు ఆ వార్డులో అడుగే పెట్టకపోవచ్చు. అలాగే "మా డాక్టరుగారు బోర్డ్ సర్టిఫైడ్" అన్నది ఆ వైద్యుడి సొంత అర్హత. ఆయన క్లినిక్కు బోధనా కేంద్రమని దాని అర్థం కాదు. ఆయన ఏదో విశ్వవిద్యాలయంలో గౌరవ హోదాతో క్లినికల్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా ఉన్నంత మాత్రాన ఆయన క్లినిక్కులో గడిపిన నెల ఆ విశ్వవిద్యాలయంలో చేసిన ఎలెక్టివ్ (విద్యార్థి ఎంచుకుని చేసే రొటేషన్) అయిపోదు. మనకు అక్కరకు వచ్చే రొటేషన్ రెండు రకాలు. ఎల్‌సీఎంఈ గుర్తింపు ఉన్న మెడికల్ స్కూలు తన సొంత బోధనాసుపత్రిలో, తన రిజిస్ట్రార్ కార్యాలయం ద్వారా ఇచ్చేది మొదటిది. మీరు చేయబోయే సబ్జెక్టులోనే ఏసీజీఎంఈ గుర్తింపు ఉన్న రెసిడెన్సీ నడుస్తున్న ఆసుపత్రిలో చేసేది రెండవది. కరీబియన్ స్కూళ్లలో చదివేవారు ఈ రెండవదాన్నే గ్రీన్ బుక్ రొటేషన్ అంటుంటారు.

ఈ రెండవ రకాన్ని ఎవరి మాటా నమ్మనక్కరలేకుండా సొంతంగా పరిశీలించుకోవచ్చు. ఏసీజీఎంఈ వెబ్‌సైట్‌లో లాగిన్ అవసరం లేకుండా అందరూ చూడగలిగే ప్రోగ్రాముల జాబితా ఉంది. అందులో ప్రతి ప్రోగ్రాముకూ పది అంకెల సంఖ్య ఉంటుంది, మొదటి మూడు అంకెలు స్పెషాలిటీని సూచిస్తాయి: ఇంటర్నల్ మెడిసిన్‌కు 140, ఫ్యామిలీ మెడిసిన్‌కు 120, పీడియాట్రిక్స్‌కు 320, జనరల్ సర్జరీకి 440, సైకియాట్రీకి 400. ఏజెన్సీ వారు ఆసుపత్రి పేరు చెప్పగానే ఆ పేరుతో వెతికి, మీకు ఇస్తామన్న సబ్జెక్టులో ప్రోగ్రాము ఉందో లేదో చూడండి. ఉంటే దాని స్థితి చూడండి. అక్కడ కంటిన్యూడ్ అక్రిడిటేషన్ అని ఉంటే నిశ్చింత, వార్నింగ్ అనో ప్రొబేషనరీ అనో ఉంటే కారణం కనుక్కోవాలి. ఆ తరువాత పార్టిసిపేటింగ్ సైట్స్ అన్న శీర్షిక కింద ఉన్న చిరునామాలను మీ ఆఫర్ లెటర్‌లోని చిరునామాతో సరిపోల్చండి. గుంటూరు నుంచి ఫోన్ చేసిన ఒక తమ్ముడి కోసం నేను ఈ పని చేసినప్పుడు, వారు చెప్పిన ఆసుపత్రికి ఫ్యామిలీ మెడిసిన్ ప్రోగ్రాము నిజంగానే ఉంది. కానీ అతనికి అమ్మజూపింది కార్డియాలజీ నెల, అతను వెళ్లవలసిన చిరునామా ఆ ఆసుపత్రికి బయట ఉన్న ఒక వైద్యుడి సొంత ఆఫీసు. అంటే కరపత్రంలో రాసినది అబద్ధమూ కాదు, అతనికి ఉపయోగపడేదీ కాదు.

ఇంత పట్టింపు ఎందుకని కొందరు అడుగుతారు. మొదటి కారణం వీసా. విదేశీ వైద్య విద్యార్థి తన చదువులో భాగంగా, అమెరికా మెడికల్ స్కూలుకు చెందిన ఆసుపత్రిలో, అక్కడి బోధకుల పర్యవేక్షణలో, ఎలాంటి జీతమూ లేకుండా చేసే ఎలెక్టివ్ క్లర్క్‌షిప్‌కు, అంటే రొటేషన్‌కు, బీ-1 వీసా కింద వీలు ఉంది. డిగ్రీ పూర్తయిన వైద్యుడికి అదే వీసా మీద చూసి నేర్చుకునే వీలు మాత్రమే ఉంది, రోగిని తాకకూడదు. కనుక ఏదో ఒక క్లినిక్కులో "హ్యాండ్స్ ఆన్" చేయిస్తామని ఎవరైనా అంటే, ఆ పనికి వీసా నిబంధన ఒప్పుకుంటుందా అన్న అనుమానం మీకు ముందే రావాలి. రెండవది లైసెన్సు. రెసిడెన్సీ అయిపోయి ఉద్యోగంలో చేరే వేళ, మీరు అమెరికాలో చేసిన క్లర్క్‌షిప్‌లు ఎక్కడ చేశారో రాష్ట్రాల మెడికల్ బోర్డులు అడుగుతాయి. టెక్సాస్ బోర్డు వంటివి అవి గుర్తింపు ఉన్న బోధనాసుపత్రుల్లో జరిగాయా అని ఆరా తీస్తాయి. న్యూయార్క్ రాష్ట్రంలో అక్కడి విద్యాశాఖ అనుమతి లేని విదేశీ స్కూళ్ల విద్యార్థులు 12 వారాలకు మించి క్లర్క్‌షిప్ చేయడానికి వీలు లేదు. మన కోర్ పోస్టింగులన్నీ ఇంటి దగ్గరే అయిపోతాయి కనుక ఇవి మనల్ని పెద్దగా ఇబ్బంది పెట్టవు గానీ, ఉన్నాయని తెలిసి ఉండాలి.

మూడవది, అసలు మనం ఇంత దూరం వచ్చేది దేనికోసమో అది: సిఫారసు లేఖ. 2022 జనవరి నుంచి యూఎస్‌ఎంఎల్‌ఈలో మొదటి పరీక్ష అయిన స్టెప్ 1కు మార్కులు లేవు, పాసా ఫెయిలా అన్నది మాత్రమే చెబుతారు. క్లినికల్ నైపుణ్యాన్ని పరీక్షించే స్టెప్ 2 సీఎస్‌ను 2021లోనే ఎత్తేశారు. అమెరికా పౌరులు కాని విదేశీ పట్టభద్రులలో మ్యాచ్ అవుతున్నవారు, అంటే రెసిడెన్సీ సీటు దొరుకుతున్నవారు, ఇటీవలి సంవత్సరాల్లో 60 శాతం కంటే కాస్త తక్కువే. ఇలాంటప్పుడు రెసిడెంట్లకు రోజూ బోధించే అటెండింగ్ (పర్యవేక్షించే సీనియర్ వైద్యుడు) ఒకరు "ఈ విద్యార్థిని మా ఇంటర్న్‌ల పక్కన నిలబెట్టి చూశాను" అని రాసిన లేఖకు ఉన్న బరువు, ఎవరికీ బోధించని వైద్యుడు రాసిన లేఖకు రాదు. ప్రోగ్రాముకు నాలుగు లేఖలకు మించి పంపలేము కనుక, వాటిలో రెండైనా ఇలాంటివి ఉండేటట్టు చూసుకోవడం మంచిది. అందుకే క్లినిక్కుల్లో నాలుగైదు నెలలు డబ్బు పోసి తిరగడం కంటే నిజమైన బోధనాసుపత్రిలో ఎనిమిది వారాలు మేలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక సమయం. ఎలెక్టివ్ ఇచ్చే మెడికల్ స్కూళ్లలో చాలావాటికి మీరు ఇంకా విద్యార్థిగా ఉండటం తప్పనిసరి. డిగ్రీ చేతికి వచ్చిన మరునాటి నుంచి మీరు వారి దృష్టిలో పట్టభద్రులు, మీకు మిగిలేది అబ్జర్వర్‌షిప్, అంటే చూసి నేర్చుకోవడం మాత్రమే. మనకు హౌస్‌సర్జన్సీ పూర్తయితే గానీ డిగ్రీ రాదు కనుక, హౌస్‌సర్జన్లను కూడా విద్యార్థులుగా తీసుకునే స్కూళ్లు ఉన్నాయి, ఆఖరి సంవత్సరం వారిని మాత్రమే తీసుకునేవీ ఉన్నాయి. ఇది దరఖాస్తుకు ముందే ఈమెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. హౌస్‌సర్జన్సీలో 15 రోజులకు మించి సెలవు లేదు, మించిన రోజులను తరువాత పొడిగించి చేసి తీరాలి, ఆ పొడిగింపు నీట్ పీజీ కటాఫ్ తేదీకి అడ్డం వస్తుందేమో కూడా లెక్క చూసుకోవాలి. 2019 నుంచి వచ్చిన కొత్త పాఠ్యప్రణాళికలో ఎలెక్టివ్ ఉంది గానీ, దాన్ని బయటి దేశపు ఆసుపత్రికి వాడుకోవడానికి కాలేజీ ఒప్పుకోవాలి. ఆఖరి పరీక్షలకూ హౌస్‌సర్జన్సీ మొదలుకూ మధ్య దొరికే విరామాన్ని వాడుకున్నవారు మా బ్యాచ్‌లో ఎక్కువ.

అమెరికా వైపు క్యాలెండరు కూడా చూడాలి. అక్కడి విద్యాసంవత్సరం జూలైలో మొదలవుతుంది. జూలై నుంచి అక్టోబరు దాకా వారి సొంత ఆఖరి సంవత్సరం విద్యార్థులే వేరే ఆసుపత్రుల్లో రొటేషన్లకు పోటీ పడుతుంటారు, మనకు ఖాళీ దొరకడం కష్టం. జనవరి నుంచి జూన్ లోపల ఖాళీలు ఎక్కువ. పైగా రెసిడెన్సీ దరఖాస్తులు సెప్టెంబరులో వెళ్తాయి కనుక, ఆ ఏడాది మొదటి ఆరు నెలల్లో చేసిన రొటేషన్ లేఖ సమయానికి అందుతుంది. ఆసుపత్రులు ఆరు నెలల ముందు, కొన్ని అంతకంటే ముందే దరఖాస్తులు తీసుకుంటాయి. ఈ లెక్కన తరువాతి జనవరిలో వెళ్లాలనుకునేవారు ఈ ఏడాది మొదట్లోనే కాగితాల పని మొదలుపెట్టాలి.

కాగితాల పని అనగానే అందరూ అమెరికా ఫారాల గురించి అనుకుంటారు గానీ, ఎక్కువ సమయం తినేది మన కాలేజీ ఆఫీసే. కాలేజీ నుంచి అమెరికా ఆసుపత్రులు అడిగేవి ఇవి: మీరు ఫలానా సంవత్సరం విద్యార్థి అని, ప్రవర్తన బాగుందని, ఈ ఎలెక్టివ్‌కు కాలేజీకి అభ్యంతరం లేదని, కోర్ పోస్టింగులు పూర్తయ్యాయని, ఫలానా నెలలో డిగ్రీ వస్తుందని ప్రిన్సిపాల్ సంతకంతో లేఖ. ట్రాన్‌స్క్రిప్ట్. కొన్నిచోట్ల ప్రతి సబ్జెక్టులో ఎన్ని వారాలు పోస్టింగ్ చేశారో కూడా. మన మార్కుల మెమోలో వారాలు ఉండవు. ఆఫీసులోని సీనియర్ అసిస్టెంటుగారికి ఈ ఫారం ఏమిటో తెలియకపోతే అది ఆయన తప్పు కాదు. ఏడాదికి ఇద్దరు ముగ్గురు తెచ్చే కాగితం అది. నేను చేసిన పని ఏమిటంటే, లేఖలన్నిటికీ ముసాయిదా నేనే టైప్ చేసుకుని, ఫారంలో సంతకం ఎక్కడ, గుండ్రటి ముద్ర ఎక్కడ అన్నవి పెన్సిలుతో గుర్తుపెట్టి, ఇన్‌వార్డు నంబరు వేయించుకుని ఇచ్చాను. ఆ నంబరు ఉంటే ఫైలు ఎవరి బల్ల మీద ఉందో అడగవచ్చు. మరొక చిక్కు ఈమెయిల్. చాలా ఆసుపత్రులు లేఖను కాలేజీ అధికారిక చిరునామా నుంచే పంపమంటాయి, మన ప్రభుత్వ కాలేజీల్లో కొన్ని ఇంకా జీమెయిల్ చిరునామాలే వాడుతున్నాయి. అలాంటప్పుడు ఆ చిరునామా కాలేజీ వెబ్‌సైట్‌లో ఉన్న పేజీ లింకును కూడా జతచేసి పంపితే నాకు తెలిసిన రెండు మూడు చోట్ల ఒప్పుకున్నారు.

పేర్ల విషయంలో మన తెలుగువాళ్లకు ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది, దీన్ని తేలికగా తీసుకోవద్దు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, యూనివర్సిటీ రికార్డులో ఇంటిపేరు ముందు వస్తుంది, విదేశీ వైద్య పట్టభద్రులకు సర్టిఫికెట్ ఇచ్చే అమెరికా సంస్థ ఈసీఎఫ్‌ఎంజీలో చివర వస్తుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉండి మరొక గడి ఖాళీగా ఉన్నవారికి వీసా మీద మొదటి పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. ఆసుపత్రి బ్యాడ్జి నుంచి బ్యాక్‌గ్రౌండ్ చెక్ దాకా అదే వెంట వస్తుంది. పాస్‌పోర్టును సరిచేయించుకుని, అందులో ఉన్న పేరునే యూఎస్‌ఎంఎల్‌ఈకీ దరఖాస్తులకూ అక్షరం తేడా లేకుండా వాడితే తరువాతి పదేళ్ల తలనొప్పి తప్పుతుంది.

ఆపైన టీకాల ఫారం. అమెరికా మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ తయారుచేసిన ప్రామాణిక ఫారాన్నే చాలాచోట్ల వాడతారు. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండు డోసులు, చికెన్‌పాక్స్ రెండు డోసులు లేదా రోగనిరోధకత ఉన్నట్టు రక్తపరీక్ష, హెపటైటిస్ బీ మూడు డోసులతో పాటు యాంటీబాడీ ఎంత ఉందో అంకెలో చూపే పరీక్ష, టీడాప్ (ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు టీకా), క్షయ పరీక్ష అందులో ఉంటాయి. మన ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో చికెన్‌పాక్స్ లేదు, గవదబిళ్లల టీకా కూడా లేదు. చిన్నప్పటి కార్డు ఇంట్లో దొరికినా అందులో ఇవి ఉంటాయన్న నమ్మకం లేదు. కనుక ముందు యాంటీబాడీ పరీక్షలన్నీ ఒకేసారి చేయించుకుని, లోపం ఉన్నచోట టీకా వేయించుకోవడం సరైన క్రమం. హెపటైటిస్ బీ యాంటీబాడీ పది యూనిట్ల కంటే తక్కువ వస్తే మళ్లీ డోసు, మళ్లీ పరీక్ష. అవసరమైతే పూర్తి కోర్సు ఆరు నెలలు పడుతుంది. దీనికోసమే ఒక ఏడాది ముందు మొదలుపెట్టమంటాను. క్షయ విషయానికి వస్తే, మనమందరం బీసీజీ వేయించుకున్నవాళ్లం, వార్డుల్లో క్షయ రోగుల మధ్య తిరిగినవాళ్లం. చర్మం మీద చేసే పరీక్ష బీసీజీ వల్ల కూడా ఉబ్బుతుంది, అందుకని రక్తంతో చేసే ఇగ్రా పరీక్ష చేయించుకోవడం మంచిది. ఎంఎంఆర్ వంటి జీవటీకా వేయించుకున్నాక నాలుగు వారాల లోపు క్షయ పరీక్ష చేస్తే ఫలితం తప్పుగా నెగటివ్ రావచ్చు. కాబట్టి రెండూ ఒకే రోజు కానివ్వాలి, లేదా టీకా తరువాత నాలుగు వారాలు ఆగాలి. ఇగ్రా పాజిటివ్ వచ్చినా కంగారు పడవలసిన పని లేదు. ఛాతీ ఎక్స్‌రే బాగుండి, లక్షణాలు లేవని వైద్యుడు రాసిస్తే చాలావరకు అంగీకరిస్తారు.

ఇన్సూరెన్స్ గురించి క్లుప్తంగా చెబుతాను. ఆరోగ్య బీమాతో పాటు మాల్‌ప్రాక్టీస్ (వైద్యంలో పొరపాట్లకు సంబంధించిన) బీమా కూడా అడుగుతారు, ఒక్కో ఘటనకు పది లక్షల డాలర్లు, మొత్తం మీద ముప్పై లక్షల డాలర్లు అన్నది తరచుగా కనిపించే మొత్తం. మన కాలేజీలు ఇది ఇవ్వవు. విదేశీ విద్యార్థులకు నెలల లెక్కన అమ్మే అమెరికన్ కంపెనీల నుంచి కొనుక్కోవాలి. ఆసుపత్రి అంగీకారం వచ్చాకే కొనండి.

ఎక్కడ దరఖాస్తు చేయాలన్నదానికి మూడు దారులు ఉన్నాయి. ఏఏఎంసీ నడిపే వీఎస్‌ఎల్‌ఓ అనే ఉమ్మడి వేదిక మొదటిది, కానీ అందులో మీ కాలేజీ చేరి ఉంటేనే ఉపయోగం. చేరిందో లేదో ప్రిన్సిపాల్ ఆఫీసులో తెలియకపోతే వీఎస్‌ఎల్‌ఓ వారినే అడగవచ్చు. రెండవది, విదేశీ విద్యార్థులను నేరుగా తీసుకునే స్కూళ్లు. హార్వర్డ్‌కు ఎక్స్‌క్లర్క్ అనే కార్యక్రమం ఉంది, మరికొన్ని పెద్ద విశ్వవిద్యాలయాలకూ ఇలాంటివి ఉన్నాయి. వీటిలో నెలకు కొన్ని వేల డాలర్ల ఫీజు సాధారణం. ఇంగ్లిష్ పరీక్ష, కొన్నిచోట్ల స్టెప్ 1 కూడా అడుగుతారు. ఫీజు చూసి మధ్యతరగతి ఇళ్లలో గుండె ఆగినంత పనవుతుందని నాకు తెలుసు. అయినా రెండు ఏజెన్సీ నెలల ఖర్చుతో ఇలాంటిది ఒకటి చేయవచ్చునని లెక్కవేసి చూడండి.

మూడవ దారి మన సీనియర్లు. గుంటూరు వైద్య కళాశాల పూర్వ విద్యార్థులకు జీఎంసీఏఎన్‌ఏ, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాల వారికి ఏఎంసీఏఎన్‌ఏ అనే సంఘాలు అమెరికాలో ఉన్నాయి, కాకినాడ రంగరాయ వారికీ ఒకటి ఉంది. వీరిలో బోధనాసుపత్రుల్లో అటెండింగులుగా ఉన్నవారు ఎందరో. వారిని అడిగేటప్పుడు "రొటేషన్ ఇప్పించండి సార్" అని కాకుండా, మీ ఆసుపత్రి మెడికల్ ఎడ్యుకేషన్ ఆఫీసు విదేశీ విద్యార్థులను తీసుకుంటుందా, తీసుకుంటే ఎవరికి రాయాలి అని అడగండి. ఆయన పరిచయం మిమ్మల్ని ఆ ఆఫీసు తలుపు దాకా తీసుకెళ్లవచ్చు, ఆ ఆఫీసును తప్పించుకుని వార్డులోకి దొడ్డిదారిన వెళ్లడం మాత్రం ఆయనకూ మీకూ ప్రమాదమే. బ్యాడ్జి లేకుండా, ఆసుపత్రి రికార్డులో పేరు లేకుండా గడిపిన నెల రుజువు చూపలేని నెల. డాలస్‌లో బాబాయి ఇంట్లో ఉండి ఆయన స్నేహితుడి క్లినిక్కుకు వెళ్లి రావడం అబ్జర్వర్‌షిప్‌గా రాసుకోవచ్చు, ఎలెక్టివ్ అని రాయకూడదు.

ఏజెన్సీలన్నీ చెడ్డవని నేను అనను. కానీ నా స్నేహితురాలికి జరిగింది చెప్పాలి. ఆసుపత్రి పేరు బయలుదేరే ముందు చెబుతామని ఒక ఏజెన్సీ డబ్బంతా ముందే కట్టించుకుంది. వీసా వచ్చాక చెప్పిన ఆసుపత్రిని ఆమె చేరేలోగా మార్చేసింది, చివరికి ఒక వైద్యుడి క్లినిక్కులో కూర్చోబెట్టింది. ఒప్పందంలో "సమానమైన మరొక చోటికి మార్చే హక్కు మాకుంది" అన్న వాక్యం ఉండటంతో డబ్బు వెనక్కి రాలేదు. ఆమె తండ్రి ఆ డబ్బు కోసం పొలం మీద అప్పు తెచ్చారు. అందుకని ఆసుపత్రి పేరు, విభాగం, పర్యవేక్షించే అటెండింగ్ పేరు, రెసిడెన్సీ ప్రోగ్రాము సంఖ్య, తేదీలు, ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఆహ్వానం, మార్పు జరిగితే డబ్బు వాపసు అన్నవన్నీ ఒప్పందంలో లేనిదే అడ్వాన్స్ కూడా కట్టవద్దని అడిగిన ప్రతివారికీ చెబుతున్నాను. వీటిలో ఏ ఒక్కటి అడిగినా విసుక్కునేవారు మీ డబ్బుకు అర్హులు కారు.

వీసా ఇంటర్వ్యూ మనవాళ్లలో ఎక్కువమందికి హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లోనే జరుగుతుంది. బీ-1 దరఖాస్తు ఫీజు 2023లో 185 డాలర్లు అయింది. ఎందుకు వెళ్తున్నారంటే "మా అత్తయ్యను చూడటానికి" అని మొదలుపెట్టేవారున్నారు, ఎవరో అలా చెప్పమన్నారట. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి: ఫలానా మెడికల్ స్కూలు ఆసుపత్రిలో ఎలెక్టివ్ క్లర్క్‌షిప్, ఇన్ని వారాలు, జీతం లేదు, నా ఎంబీబీఎస్ ఇంకా పూర్తి కాలేదు, తిరిగి వచ్చి హౌస్‌సర్జన్సీ ముగించాలి. స్కూలు ఆహ్వాన లేఖలో ఇవే మాటలు ఉండేలా ముందుగానే కోరండి. ప్రిన్సిపాల్ లేఖలో తిరిగి చేరవలసిన తేదీ ఉంటే ఇంకా మంచిది.

కరీబియన్ దీవుల స్కూళ్లలో చేరిన, లేదా చేరాలనుకుంటున్న మన పిల్లల కోసం ఇక్కడ విడిగా చెప్పవలసిన సంగతి ఒకటి ఉంది. ఆ స్కూళ్లలో చాలావాటి పద్ధతి మొదటి రెండేళ్లు దీవిలో, తరువాతి క్లినికల్ సంవత్సరాలు అమెరికా ఆసుపత్రుల్లో. అమెరికాలోనే స్థిరపడాలనుకునేవారికి అది మేలైన ఏర్పాటే. కానీ 2021 నవంబరు 18న మన జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన నిబంధనల ప్రకారం, భారతదేశంలో ప్రాక్టీసు చేయాలంటే కోర్సు, శిక్షణ, ఇంటర్న్‌షిప్ మొత్తం డిగ్రీ ఇచ్చిన దేశంలోనే, ఆ సంస్థలోనే జరగాలి; మరొక దేశంలో ఏ భాగమూ చేయకూడదు. కోర్సు 54 నెలలకు తగ్గకూడదు, దానికి అదనంగా అక్కడ 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి. అంటే అమెరికా దృష్టిలో ఎంత చక్కటి గుర్తింపు ఉన్న రొటేషన్ అయినా, అదే రొటేషన్ మీకు ఇండియా తలుపు మూసేయవచ్చు. చేర్పించే కన్సల్టెన్సీ ఈ మాట తల్లిదండ్రులకు చెప్పకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. రెసిడెన్సీ రాకపోతే వెనక్కి వచ్చి ప్రాక్టీసు పెట్టుకుంటాడులే అనుకునే కుటుంబాలు సీటు తీసుకునే ముందే ఇది ఆలోచించుకోవాలి.

రొటేషన్‌లో అడుగుపెట్టాక ఏం చేయాలన్నది వేరే వ్యాసానికి సరిపడా విషయం, అయినా ఒక్కటి చెప్పకుండా ఉండలేను. మన దగ్గర కేసు చెప్పడమంటే రోగి ఊరు, వృత్తి, అలవాట్లతో మొదలుపెట్టి పరీక్ష దాకా పూర్తిగా అప్పజెప్పడం. ఇక్కడ గుండె వైఫల్యంతో చేరిన ఒక పెద్దాయన గురించి నేను అలాగే మొదలుపెడితే, అటెండింగ్ మర్యాదగా ఆపి, "నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది, ఇవాళ నువ్వు ఏం చేద్దామంటావు?" అని అడిగారు. రాత్రి ఎంత మూత్రం వచ్చింది, ఉదయం బరువు ఎంత తగ్గింది, పొటాషియం ఎంత ఉంది, దాన్ని బట్టి ఇవాళ డైయూరెటిక్ (మూత్రం తెప్పించే మందు) పెంచాలా, ఉంచాలా, మాత్రగా మార్చాలా అన్నది నేను తేల్చి చెప్పాలి. మన వార్డుల్లో ఇలాంటి రోగులను నలభైమందిని చూసి ఉంటాం, చేయి తిరిగి ఉంటాం, కానీ నిర్ణయాన్ని మన నోటితో చెప్పడం అలవాటు లేదు. రెసిడెంట్లు ఉన్న ఆసుపత్రి మేలని నేను అనడానికి ఇది కూడా కారణం. ఉదయం రౌండ్లకు ముందు ఒక ఇంటర్న్ నా పక్కన కూర్చుని, నా నోట్ చదివి, ప్లాన్ ఎక్కడ బలహీనంగా ఉందో చూపేది. క్లినిక్కులో ఆ పక్క కుర్చీ ఖాళీగా ఉంటుంది.

లేఖ కోసం ఆఖరి రోజు దాకా ఆగకుండా మూడవ వారంలోనే అడగండి. అడిగినప్పుడు సీవీ, మీరు చూసిన రోగుల వివరాలు పేర్లు లేకుండా ఒక పేజీ ఇవ్వండి. లేఖను చూసే హక్కును వదులుకుంటున్నట్టు రెసిడెన్సీ దరఖాస్తుల ఆన్‌లైన్ వేదిక ఈరాస్‌లో గుర్తుపెట్టాలి, అప్పుడే దాన్ని ప్రోగ్రాములు నమ్ముతాయి. నా లేఖల్లో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. బయలుదేరే ముందు మూల్యాంకన ఫారం మీద సంతకం చేయించి, ఒక ప్రతిని నేరుగా మీ కాలేజీకి పంపమని మెడికల్ ఎడ్యుకేషన్ ఆఫీసును కోరండి. మొదలైన తేదీ, ముగిసిన తేదీ, ఆసుపత్రి పూర్తి చిరునామా, అటెండింగ్ పేరు, విభాగం, ప్రోగ్రాము సంఖ్య, ఆ రోజున ఏసీజీఎంఈ జాబితాలో కనిపించిన పేజీ ప్రింటు అన్నీ ఒకే ఫైలులో పెట్టి స్కాన్ చేసి ఉంచండి. లైసెన్సు దరఖాస్తులో వీటిని తేదీలతో సహా అడిగే నాటికి ఆ ఆసుపత్రి పేరు మారి ఉండవచ్చు, ఆ కోఆర్డినేటరు ఉద్యోగం మారి ఉండవచ్చు.